ఎడమ అంచు పైన

"దీన్ని ముట్టుకోవాలంటేనే భయమేస్తోందండీ," అంది చిసాతో.

చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి మా గుమ్మంలో నిలబడి ఉంది. రెండు చేతులతో ఒక మిఠాయి పెట్టెని ఒంటికి దూరంగా, అందులో పాము ఉన్నట్టు పట్టుకుంది. నేను అప్పుడే మా ఇంటి బుద్ధుడి మందిరం ముందు అన్నం పెట్టి, అగరొత్తి వెలిగించి లేచాను.

"లోపలికి రా అమ్మా. ఎవరిచ్చారు?"

"ఇబుకి సెన్సే. నిన్న చీకటి పడే వేళకి మా ఇంటికొచ్చారు. క్షమాపణ చెప్పుకోడానికట."

నా భార్య ఫుమియే వంటింట్లోంచి తొంగిచూసి, ఆమె ముఖం చూడగానే టీ కెటిల్ పొయ్యి మీద పెట్టింది.

నేను డిటెక్టివునని విని, నెలన్నర క్రితం చిసాతో నా దగ్గరకి వచ్చినప్పుడు అడిగింది ఒక్కటే. "మా పెద్దమ్మ ఎక్కడుందో కనుక్కోండి." తల్లి పోయాక ఆమెని పెంచింది ఆ పెద్దమ్మే. పేరు తోమే. ఎనభై దాటాక మతిమరుపు వచ్చింది. కుటుంబ న్యాయస్థానం ఇబుకి అనే లాయరుని ఆమెకి సంరక్షకుడిగా నియమించింది. ముప్పై ఏళ్ళుగా మా ఊరు మత్సుయేలో పేరున్న మనిషి, అందరూ గౌరవంగా 'సెన్సే' అంటారు. పోయిన శరదృతువులో ఆయన తోమేని వృద్ధాశ్రమం నుంచి వేరే చోటికి మార్పించాడు. ఎక్కడికో చెప్పలేదు. "కొత్తవాళ్ళని చూస్తే ఆమె కలవరపడుతోంది, కొన్నాళ్ళు ఆగండి," అనేవాడు. చిసాతో ఆగింది. ఆగలేక లాయర్ల సంఘానికి ఫిర్యాదు చేసింది. సంఘంవాళ్ళు ఆయన్ని లెక్కలడిగారు. క్లయింట్ల డబ్బు లాయరు సొంత డబ్బుతో కలవకుండా వేరే ఖాతాలో ఉండాలి. ఆ ఖాతా ఖాళీగా ఉంది. శుక్రవారం విచారణ. తోమేని వెంటబెట్టుకుని రండి, లేదా ఆమె ఉన్న చోటు చెప్పండి, మేమే వస్తాం అని సంఘం ఆయనకి రాసింది.

ఈవేళ బుధవారం.

"సెన్సే ఏమన్నాడో ఒక్క మాట కూడా వదలకుండా చెప్పు," అన్నాను.

"చాప మీద నుదురు ఆనించారండీ. నాకు సిగ్గేసింది, నాన్న వయసు మనిషి. 'అంతా నా తప్పే. పెద్దమ్మగారు కులాసాగా ఉన్నారు. ఫిర్యాదు వెనక్కి తీసుకోండి, రెండ్రోజుల్లో ఆవిడని మీకు చూపిస్తాను' అన్నారు."

"నువ్వేమన్నావు?"

"బుర్ర ఊపాను. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, 'మీకు తోడెవరూ లేరు కదూ?' అని అడిగారు."

"లేరని చెప్పావా?"

"చెప్పేశాను." టీ కప్పు పక్కకి జరిపింది. "ఆయన వెళ్ళాక ఆలోచించానండీ, ఎందుకు చెప్పానా అని. లోకంలో పెద్దమ్మ ఏమైందని అడిగేదాన్ని నేనొక్కదాన్నే. నేనే లేకపోతే ఇక అడిగే నోరే లేదు. రాత్రంతా కునుకు పడితే ఒట్టు."

"వెనక్కి తీసుకున్నా విచారణ ఆగదమ్మా. ఒకసారి సంఘం చేతికి వెళ్ళిన ఫిర్యాదు నీ మాట మీద మూతపడదు. ఆ సంగతి నీకు తెలీకపోవచ్చు. ముప్పై ఏళ్ళ లాయరుకి తెలీకుండా ఉంటుందా?"

"మరి ఎందుకొచ్చినట్టు?"

అదే నాకూ అర్థం కాలేదు. ఇంకొకటి అడిగాను. "కోటు మీద బ్యాడ్జీ ఉందా?"

చిసాతో కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంది. "లేదు. పెట్టుకునే చిల్లు మాత్రం కనపడింది."

లాయర్ల బ్యాడ్జీ కొత్తలో బంగారు రంగులో మెరుస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పూత అరిగి, అడుగున ఉన్న వెండి తేలుతుంది. ఇబుకి సెన్సేది పూర్తిగా తెల్లబడిపోయిందని, దాన్ని చూసుకుని ఆయన మురిసిపోతాడని కోర్టులో అందరూ అంటారు. బ్యాడ్జీ నిలబెట్టుకోవాలని క్షమాపణకి వచ్చిన మనిషి దాన్ని పెట్టుకునే వస్తాడు. ముందే తీసేసి ఎందుకొస్తాడు?

మా ఇంట్లో ఏ కానుక వచ్చినా ముందు బుద్ధుడి దగ్గర పెట్టాకే విప్పుతాం. పెట్టెని మందిరం దగ్గరకి తీసుకెళ్ళాను. బాగా బరువుగా ఉంది, యోకాన్ అనే గట్టి తీపి దిమ్మలు. క్షమాపణకి తేలికపాటి మిఠాయి పట్టుకెళ్ళరు. ఏ ఊరిదో చూద్దామని పెట్టెని తిరగేశాను.

కాగితం అంచుని వేలితో తడిమి చూశాను.

"ఏమండీ, అలా నిలబడిపోయారేం?" అంది ఫుమియే. పక్కకి వచ్చి చూసి చిసాతో వైపు తిరిగింది.

"ఏమిటండీ? చెప్పండి," అంటూ చిసాతో లేచింది.

చెప్పక తప్పలేదు. "కాగితం రెండు అంచులూ వెనకవైపు కలుస్తాయి, చూశావా? మామూలు కానుకకైతే కుడి అంచు పైకి వస్తుంది. ఇక్కడ ఎడమ అంచు పైన ఉంది. ఇలా చుట్టేది చనిపోయినవాళ్ళ ముందు పెట్టేవాటికి."

ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అంటే పెద్దమ్మ..."

"దుకాణంలో కొత్తగా చేరిన పిల్లెవరో పొరబడి ఉండొచ్చు," అన్నాను. నా మాట నాకే అతకలేదు.

కాగితం మీద చీటీలో 'అకెబియా, కమియునో' అని ఉంది. అకెబియా దుకాణం పేరు. కమియునో కొండల్లో వేడినీటి ఊటల ఊరు, కారులో గంటకి పైగా దారి. క్షమాపణ మిఠాయి అవతలివాళ్ళ వీధి చివర కొనడం మర్యాద కాదు, దారిలో గుర్తొచ్చి కొన్నట్టుంటుంది. మర్యాద తెలిసిన సెన్సే తాను ఉన్న చోటి నుంచే కొని తెచ్చాడు. ఎక్కడున్నాడో ఆ మర్యాదే చెప్పింది.

"నేను కమియునో వెళ్ళొస్తాను. నువ్వు మీ ఇంటికి వెళ్ళకు. ఫుమియే దగ్గరే ఉండు. ఎవరు పిలిచినా గడప దాటకు."

చిసాతో తలూపింది. ఆమె చూపు మాత్రం ఆ ఎడమ అంచు మీంచి కదల్లేదు.

* * *

కమియునోకి ఉన్నది ఒక్కటే దారి. అది ఆనకట్ట మీదుగా వెళ్తుంది. రెండు కార్లు పట్టని ఇరుకు. నేను ఎక్కేసరికి ఎదురుగా ఒక బూడిదరంగు కారు వస్తోంది. నన్ను చూసి అవతలి చివర కాస్త వెడల్పు చోట ఆగి దారిచ్చింది. అద్దం మీద ఎండ పడి ముఖం కనపడలేదు. లోపలి మనిషి తల వంచి నమస్కరించాడు. నేనూ వంచి ముందుకు సాగాను.

అకెబియా యజమానురాలు నా వయసు మనిషే. పెట్టె చూపించగానే, "మాదే, మాదే," అని నవ్వింది. తిరగేసి చూపిస్తే నవ్వు ఆగిపోయింది.

"ఇది మీ దగ్గరికెలా వచ్చిందండీ? సెన్సే గుడికి కదా తీసుకెళ్ళారు!"

"ఏ సెన్సే అమ్మా?"

"ఇబుకి సెన్సే. చలికాలం నుంచి నెలకోసారి వస్తారు. ఎప్పుడొచ్చినా 'బుద్ధుడి ముందు పెట్టడానికి ఒకటి' అంటారు. పుణ్యాత్ముడండీ. ఎవరూ లేని ముసలావిడ అస్థికలని మా ఊరి గుడిలో పెట్టించి, సొంత మనిషిలా చూస్తున్నారు."

బల్ల అంచు పట్టుకున్నాను. "నిన్న కూడా ఒకటే కొన్నారా?"

"రెండు. ఒకటి బుద్ధుడికి, ఒకటి మనిషికి అన్నారు. మనిషికిచ్చేదానికి కుడి, బుద్ధుడిదానికి ఎడమ. నేనే చుట్టాను. పైకి రెండూ ఒకేలా ఉంటాయి కదా, తారుమారవుతాయి జాగ్రత్త అని కూడా చెప్పాను. అయినా చూడండి..." అని ఆగింది. "అందుకేనా పొద్దున మళ్ళీ వచ్చారు?"

"పొద్దునా?"

"తలుపు తీసేసరికే బయట నిలబడి ఉన్నారు. ఇంకో పెట్టె కావాలన్నారు. మీరు రావడానికి కాస్త ముందే వెళ్ళారు. బూడిదరంగు కారు. దారిలో ఎదురుపడే ఉంటారే."

ఆనకట్ట మీద నాకు దారిచ్చి తల వంచిన మనిషి!

లెక్క వేసుకున్నాను. పెట్టెలు తారుమారైన సంగతి ఆయనకి తెలిసింది. చిసాతో ఇంటికి వెళ్ళి, ఏదో వంక చెప్పి, తప్పు పెట్టె తీసుకుని సరైనది ఇచ్చి వద్దామనుకున్నాడు. అలా అయితే ఈ మూడోది కుడి అంచుది కావాలి.

"ఈ పొద్దుటిది ఎలా చుట్టారమ్మా? మనిషికా, బుద్ధుడికా?"

ఆమె చేతిగుడ్డ తీసుకుంది. బల్ల మీద లేని దుమ్ము తుడిచింది.

"అడిగానండీ. ఆయన చాలాసేపు ఊరికే నిలబడ్డారు. ఎప్పుడూ 'మీ మోకాలి నొప్పి ఎలా ఉంది' అని పలకరించే మనిషి, నా ముఖం కేసి కూడా చూడలేదు. చివరికి 'బుద్ధుడికే చుట్టండి' అన్నారు. ఎవరికోసమని అడగబోయాను. ఆ ముఖం చూసి అడగలేకపోయాను." ఆమె గొంతు తగ్గింది. "ఏమైందండీ? నేనేమైనా తప్పు చేశానా?"

"మీ తప్పేం లేదమ్మా. గుడి ఎటు?"

* * *

గుడి తాళం వేసి ఉంది; ఇంటికి ఫోన్ చేసి, చిసాతో ఫుమియే పక్కనే ఉందని విని, గురువుగారు తిరిగొచ్చేదాకా గంటన్నర కాచుకున్నాను. ఆయనకి డెబ్భై దాటి ఉంటాయి. చేతిలో చీపురు, నోట్లో మాట, రెండూ ఆగవు. నేను పేరు చెప్పేలోపే నన్ను అస్థికలు ఉంచే గదిలోకి తీసుకెళ్ళాడు.

"సెన్సే పంపారా? ఆ పెట్టె తెచ్చారా? పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను ఆయనకి. 'సెన్సే, నిన్న మీరు పెట్టి వెళ్ళింది కుడి చుట్టు. ఇంకెవరికో ఇవ్వాల్సింది ఇక్కడ పెట్టారు. అవతలివాళ్ళకి ఎడమది వెళ్ళిందేమో, పాపం హడలిపోతారు' అన్నాను. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. పెద్దమనిషి, సిగ్గుపడ్డారు కాబోలు."

ఆ ముసలాయన మంచితనంతోనే చేశాడు. ఆ ఒక్క ఫోన్‌తోనే అంతా కదిలింది.

గది చిన్నది. చెక్క అరల మీద తెల్లటి గుడ్డ చుట్టిన కలశాలు వరసగా ఉన్నాయి. కింది అరలో ఒకదాని ముందు అకెబియా పెట్టె ఉంది. చేత్తో తాకకుండా వంగి చూశాను. కుడి అంచు పైన. దాని పక్కన ఇంకో పెట్టె లేదు. అగరొత్తి బూడిద నిన్నటిది. పొద్దున ఇక్కడ ఎవరూ వెలిగించలేదు.

మూడో పెట్టె గుడికి రాలేదు.

"ఈవిడ పేరేమిటి గురువుగారూ?"

"కోనిషి తోమే. కలశంతో పాటు ఇచ్చిన దహనం అనుమతి కాగితం నా దగ్గరే ఉంది. పైన ఉన్న వృద్ధాశ్రమంలో పోయింది, న్యుమోనియా. నా అన్నవాళ్ళు ఎవరూ లేరట."

ఉన్నారు. మా ఇంట్లో కూర్చుని నా ఫోన్ కోసం ఎదురుచూస్తోంది.

అగరొత్తి వెలిగించి చేతులు జోడించాను. జోడించాను కానీ మనసు నిలవలేదు. నెలనెలా గంట సేపు కారు నడుపుకుంటూ వచ్చి ఇక్కడ మొక్కిన చేతులూ, ఆవిడ డబ్బు మింగిన చేతులూ ఒక మనిషివే. ఆ మొక్కు అబద్ధమా అంటే, కాదనిపిస్తోంది. అబద్ధమైతే పట్టుబడేవాడే కాదు. నిజంగా మొక్కాడు కాబట్టే దొరికిపోయాడు. అలాంటి దండాన్ని బుద్ధుడు తీసుకుంటాడా? నాకు తెలీదు. తెలిసినవాళ్ళు నాకింతవరకూ కనపడలేదు.

"ఓహో! అగరొత్తుల డిటెక్టివుగారు మనకన్నా ముందే దయచేశారే!"

గుమ్మంలో షిగెమురా నిలబడి ఉన్నాడు. ఒకప్పటి పోలీసు, ఇప్పుడు ఇబుకి సెన్సే తరఫున మనుషుల్ని కలిసి రాజీ కుదిర్చే పని. ఒక చేతిలో ఖాళీ గుడ్డసంచీ. చతురస్రంగా, లోతుగా ఉంది. కలశం పట్టేంత.

"చెప్పులు విప్పి రండి షిగెమురా గారూ. ఇది పోలీస్ స్టేషన్ కాదు."

"మీ దగ్గర భక్తి పాఠాలు నేర్చుకునే ఖర్మ నాకింకా పట్టలేదు లెండి." అయినా విప్పాడు. "గురువుగారూ, సెన్సే ఈ కలశం తెమ్మన్నారు. ఇదిగో చీటీ."

నేను అరకి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకోండి."

"ఈవిడ చనిపోయిందని మీకెప్పుడు తెలుసు?"

"తెలిస్తే ఏం? చావు చాటుగా జరగలేదు. డాక్టరు రాశాడు, ఈ ఊరి ఆఫీసులో నమోదైంది. అంతా సక్రమం. నేరం ఎక్కడుంది, చూపించండి! చెప్పడం కాస్త ఆలస్యమైంది, అంతేగా?"

"ఎవరికి చెప్పడం? కోర్టుకి చెప్పాల్సింది ఇబుకి. బ్యాంకుకి చెప్పాల్సింది ఇబుకి. ఉన్న ఒక్క వారసురాలికి చెప్పాల్సిందీ ఇబుకే. ఒక్క మనిషి నోరు మూసుకుంటే ఒక చావు మాయమైపోయింది. ఆవిడ పోయిన రోజుతో సంరక్షకుడి పని అయిపోతుంది. మిగిలినదంతా చిసాతోకి అప్పజెప్పాలి. అప్పజెప్పడానికి ఏమీ లేదు. అందుకని కాగితాల మీద ఆవిడని బతికిస్తూ వచ్చాడు."

షిగెమురా ముఖం ఎర్రబడింది. గుడ్డసంచీని చంకలో దోపి గొంతు పెంచాడు. "సరే, తిన్నాడు! తిన్నాడనే అనుకుందాం. శుక్రవారం బ్యాడ్జీ లాక్కుంటారు. తర్వాత నా పాత స్నేహితులొచ్చి బేడీలేస్తారు. అంతకన్నా ఏమవుతుంది? మీ కథలో ఆయన్ని హంతకుడిగా మార్చకండి. నాలుగేళ్ళుగా తెలుసు నాకు. చీమని కూడా నలపడు."

"ఇంకా నలపలేదు," అన్నాను. "మూడో పెట్టె ఎవరికి?"

"ఏ మూడో పెట్టె?"

చెప్పాను. దుకాణం సంగతి, పొద్దుట ఆయన నిలబడిపోయిన సంగతి, 'బుద్ధుడికే చుట్టండి' అన్న మాట. షిగెమురా వెటకారంగా పెట్టిన పెదవి మెల్లగా సర్దుకుంది. గురువుగారి వైపు తిరిగాడు. గురువుగారు చీపురు గోడకి ఆనించి, తల అడ్డంగా ఊపాడు.

"నా దగ్గరకి రాలేదు నాయనా. వస్తుందని ఎదురుచూస్తున్నాను."

"నిన్న చిసాతో ఇంటికి బ్యాడ్జీ తీసేసి వెళ్ళాడు," అన్నాను. "మీరు పోలీసులో పనిచేశారు. బతకడానికి ఏడ్చి బతిమాలే మనిషిని చూశారు. ముందే అన్నీ విప్పేసి, సర్దేసి, మర్యాదగా తల వంచే మనిషినీ చూసే ఉంటారు. ఎవర్ని చూస్తే మీకు ఎక్కువ భయమేసేది?"

అతను గుడ్డసంచీ కింద పెట్టాడు. మెడ మీద చెమట తుడుచుకున్నాడు. కొండల్లో చల్లటి పొద్దు, గదిలో పొయ్యి కూడా లేదు.

"షిగెమురా గారూ. ఈ కలశం ఎక్కడికి తెమ్మన్నాడు?"

"ఆఫీసుకి తెమ్మంటాడనుకున్నాను," అన్నాడు మెల్లగా. "ఆనకట్ట దగ్గర కార్లు ఆపే చోట ఉండమన్నాడు. మధ్యాహ్నంలోపు వచ్చి తానే తీసుకుంటానన్నాడు. ఇచ్చేసి, నువ్వు ఆగక్కర్లేదు, వెళ్ళిపో అన్నాడు. నెల జీతం కూడా పొద్దున్నే చేతిలో పెట్టాడు. ఇంకా నెల సగం కూడా కాలేదు కదా సెన్సే అంటే... నవ్వాడు."

అప్పుడు నా జేబులో ఫోన్ మోగింది.

"నోగివా గారూ..." చిసాతో గొంతు. వెనకాల ఇంజను చప్పుడు. "నన్నేమీ అనకండి. పెద్దమ్మకి ఒంట్లో బాగాలేదని, నన్నే కలవరిస్తోందని సెన్సే ఫోన్ చేశారు. ఫుమియే గారు మేడ మీద పక్కలు ఆరేస్తుంటే చెప్పకుండా వచ్చేశాను. ఇప్పుడు సెన్సే కార్లోనే ఉన్నాను. పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నారు."

నా మోకాలికి ఆనుకునే ఉంది పెద్దమ్మ కలశం. దాని ముందు నేను వెలిగించిన అగరొత్తి ఇంకా సగం కూడా కాలలేదు.

"సెన్సే నీ పక్కనే ఉన్నారా?"

"ఆఁ, అవునండీ."

"మన మాటలు ఆయనకి వినపడుతున్నాయా?"

"నా మాటలు వినపడతాయండీ." ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతు వింతగా తేటగా, బడిలో పాఠం అప్పజెప్పే పిల్ల గొంతులా ఉంది. "పెద్దమ్మకని సెన్సే మిఠాయి కూడా తెచ్చారు. నా ఒళ్ళోనే ఉంది. చాలా చక్కగా చుట్టారు. తిప్పి చూశాను. నిన్నటి దానిలాగే ఉంది."

ఆమెకి తెలుసు. పెద్దమ్మ లేదని తెలుసు. ఒళ్ళో ఉన్నది ఏమిటో తెలుసు. అది పక్కనున్న మనిషికి తెలియకుండా, వణకకుండా, నాకు చెప్తోంది.

"అమ్మా, విను. ఆయనతో మాట్లాడుతూనే ఉండు. పెద్దమ్మ చిన్నప్పుడు నిన్నెలా పెంచిందో చెప్పు. ఏ వంట చేసేదో చెప్పు. ఆపకుండా చెప్పు. నేను..."

"కొండదారి మొదలైందమ్మా, ఇక సిగ్నల్ ఉండదు," అని ఒక మగ గొంతు వినపడింది. నెమ్మదైన, మర్యాదైన గొంతు. "అవతలివారికి నా నమస్కారాలు చెప్పండి."

ఫోన్ ఆగిపోయింది.

షిగెమురా నా ముఖం చూశాడు. తన ఫోన్ తీసి ఇబుకి నంబరు నొక్కాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, దించేశాడు. వెంటనే ఇంకో నంబరు నొక్కి, పాత స్టేషన్లో ఎవరినో పేరు పెట్టి పిలిచి, ఆనకట్ట, బూడిదరంగు కారు, లోపల ఇద్దరు అని అరిచాడు. ఆ గొంతులో వెటకారం పిసరంత లేదు. అవతల నుంచి ఏదో విని, పళ్ళు కొరికాడు.

"కింది నుంచి వాళ్ళు రావాలంటే గంట పడుతుందట. కారు ఆలోపే ఆనకట్ట ఎక్కేస్తుంది." నా వైపు చూశాడు. "ఆయన ఆగకుండా నేరుగా నీళ్ళలోకి..."

"ఆగుతాడు," అన్నాను. "ఆగకపోతే కలశం తెమ్మని మిమ్మల్నెందుకు పంపుతాడు? నెలనెలా వచ్చి మొక్కిన మనిషి. తోమేని ఇక్కడ ఒంటరిగా వదిలి వెళ్ళలేడు. ముగ్గురూ కలిసి ఆ నీళ్ళలోకి వెళ్ళాలనుకున్నాడు. కలశం చేతికి వచ్చేదాకా ఆగుతాడు."

"మనం ఇవ్వకపోతే?"

"మనం వెళ్ళకపోతే అసలు ఆగడు. కనపడాలి. చేతికి మాత్రం అందకూడదు."

మాట పైకి వచ్చాకే దాని అర్థం నాకు తెలిసింది. ఆనకట్ట మీద, ఆ ఇరుకు దారిలో, ఆ మనిషికి ఎదురుగా కలశం పట్టుకుని నిలబడాల్సింది నేను. ఒక అడుగు తప్పినా, ఒక మాట తప్పినా చిసాతో ఒళ్ళోని పెట్టెకి పని పడుతుంది. నేను ధైర్యవంతుణ్ణి కాను. పొద్దున అన్నం పెట్టి దండం పెట్టుకున్నప్పుడు సాయంత్రం ఇంటికి తిరిగి చేర్చమని తప్ప ఇంకేమీ అడగనివాణ్ణి.

గురువుగారు వంగి, అర మీంచి కలశాన్ని తీసి, రెండు చేతులతో నాకు అందించాడు. షిగెమురా గుడ్డసంచీ తెరిచి పట్టుకున్నాడు. వద్దన్నాను. ఆయనకి దూరం నుంచే తెల్లగా కనపడాలి.

"తోమే గారూ," అన్నాను, నా మాట వినే చెవులు అందులో ఉన్నాయో లేదో తెలియకుండానే, "రండి. మీ పిల్లని తెచ్చుకుందాం."

షిగెమురా అప్పటికే బయట కారు స్టార్ట్ చేస్తున్నాడు. కలశం అంత బరువేం లేదు. గుండెకి గట్టిగా హత్తుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.